అమ్మ గొంతు అరిగిన దారి

రొట్టెలమ్మే ఆవిడ నోరు తెరిచింది. చనిపోయిన అమ్మ మాట్లాడింది.

"ఇటు వైపువి తీసుకో అమ్మాయ్, ఇప్పుడే తీశాను. అవి పొద్దుటివి."

హైమవతి చేతిలో సంచి జారి కిందపడింది. ఎదురుగా ఉన్నది తలకి నల్లగుడ్డ కట్టుకున్న జార్జియా ముసలావిడ. ఆవిడ పెదవుల మీద ఆడింది జార్జియా భాషే. హైమవతి తలలో మోగింది మాత్రం సామర్లకోట జంక్షన్‌లో ఏళ్ల తరబడి మైకు ముందు కూర్చుని రైళ్ల రాకపోకలు చెప్పిన అమ్మ రాజరత్నం గొంతు. అదే చిన్న బొంగురు. మాట చివర అదే మెత్తటి దిగుడు.

"ఇంకోసారి చెప్పండి," అంది హైమవతి. కాలరుకి పెట్టుకున్న బొత్తం ఆ మాటని జార్జియా భాషలో పలికింది.

ముసలావిడ వింతగా చూసి మళ్ళీ చెప్పింది. హైమవతి తినలేనన్ని రొట్టెలు కొనేసింది.

చెవి వెనక అంటుకున్న పూస పనిచేస్తోంది. విశాఖపట్నంలో మేడ మీద రెండు గదుల ల్యాబులో ఆమె, ఏలీషా కలిసి చేసిన పూస. వాళ్ల మొదటి యంత్రం అందరి యంత్రాల్లాగే విన్నది తర్జుమా చేసి, మరబొమ్మలాంటి ఒక గొంతుతో చెవిలో చెప్పేది. వాడినవాళ్లు వినేవాళ్లు, కానీ నమ్మేవాళ్లు కాదు. "ఎడమకి తిరగండి" అంటే ఒక్క క్షణం ఆగి, నిజమేనా అన్నట్టు అటూ ఇటూ చూసేవాళ్లు. ఆ ఆగడమే వాళ్లని పరాయి దేశంలో పరాయివాళ్లుగా పట్టిచ్చేది. అందుకని హైమవతి దారి మార్చింది. కొత్త పూస శబ్దమే చెయ్యదు. అర్థాన్ని నేరుగా మెదడుకి అందిస్తుంది. పలికేది మెదడే, తనలో దాచుకున్న ఏదో ఒక గొంతుతో.

ఏ గొంతుతో? దానికి పరీక్షకి వచ్చినవాళ్లందరినీ హైమవతి ఒక ప్రశ్న అడిగేది. "ఎవరు చెబితే మీరు మారుమాట లేకుండా నమ్ముతారు?"

"మా ఆవిడ," అన్నాడు ఏలీషా, అందరికంటే ముందు పూస పెట్టుకుని. "ఆవిడ చెప్పాక కాదనే దమ్ము నా మెదడుకి లేదు మేడం."

హైమవతి తన వంతు వచ్చినప్పుడు ఆలోచించనేలేదు. అమ్మని ఎంచుకుంది.

ఇప్పుడు ఆ పూసని పరాయి నేల మీద పరీక్షించడానికి, ఒక్క ముక్క భాష రాని దేశానికి ఒంటరిగా వచ్చింది. ఊరంతా గుండ్రటి అక్షరాలు. దూరం నుంచి తెలుగేమో అనిపిస్తాయి, దగ్గరికెళ్తే మొహం తిప్పేసుకుంటాయి.

రైల్వే స్టేషన్‌కి వెళ్లింది. మైకులో ఎవరో అమ్మాయి గబగబా ఏదో చదివింది. హైమవతి బల్ల మీద కూలబడిపోయింది.

"కుటైసి వెళ్లు బండి బయలుదేరుటకు సిద్ధముగా నున్నది..."

అమ్మ అన్నట్టే. ఆ పాత పద్ధతి మాటలు కూడా అమ్మవే. ఆమె ఎక్కాల్సిన బండి అదే. అది కళ్ల ముందే కదిలి వెళ్లిపోయింది. హైమవతి లేవలేదు. ఇంకో బండి గురించి చెబుతారని అక్కడే కూర్చుని, పళ్లెం ముందు పెట్టుకున్న చిన్నపిల్లలా ఎదురుచూసింది.

సామర్లకోటలో రైల్వే క్వార్టర్సు. అక్కడ అమ్మ గొంతు అందరికీ తెలుసు, ఇంట్లోవాళ్లకే తక్కువ తెలుసు. డ్యూటీ దిగి వచ్చేసరికి రాజరత్నానికి గొంతు పూర్తిగా పోయేది. ఉప్పునీళ్లు పుక్కిలించి, సాయంత్రమంతా సైగలతోనే ఇల్లు నడిపేది. చిటికెన వేలు గాల్లో సున్నా చుడితే బండి. అరచెయ్యి కిందికి నెమ్మదిగా వంచితే కాస్త ఆగు. వేళ్లు గుప్పిట ముడిచి నోటి దాకా తెచ్చి కనుబొమ్మలెగరేస్తే, తిన్నావా? అమ్మ మాట వినాలనిపిస్తే హైమ, తమ్ముడు గిరి ప్లాట్‌ఫారం మీదికి పరుగెత్తాలి. అక్కడ స్తంభం కింద నిలబడి, పెట్టెల్లాంటి లౌడ్ స్పీకర్ల కేసి తలెత్తి వినేవాళ్లు.

ఒకసారి గిరి ఏడ్చాడు. "నీ గొంతు ఊళ్లోవాళ్లకేనా? మాకొద్దా?"

అమ్మ పుక్కిలిస్తున్న నీళ్లు ఉమ్మేసి వాడి వంక చూసింది. గాల్లో సున్నా చుట్టింది. తరవాత ఖాళీ అరచేతులు చూపించింది. వాళ్లకి బండి తప్పిపోతుంది కదరా, అని.

ఆ తరవాత కంప్యూటర్ గొంతులొచ్చాయి. ఇంకొన్నాళ్లకి అమ్మ పోయింది. అన్నేళ్లు మైకులో మాట్లాడిన మనిషి గొంతు ఎక్కడా ఒక్క టేపులో లేదు. మైకులో చెప్పేది రికార్డు చేసుకోవాలని ఎవరికి తోస్తుంది? మిగిలింది గిరి చేసే మిమిక్రీ ఒక్కటే. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎవరడిగినా వాడు గుప్పిట మైకులా పట్టి మొదలెట్టేవాడు. హైమవతికి ఒళ్లు మండేది.

"అంత పైకెళ్లకురా! అమ్మ పైకెళ్లదు."

"నువ్వు చెయ్యవే మరి."

"ముక్కుతో కాదు, గొంతులోంచి! మళ్లీ చెప్పు. ఛీ, వద్దు, ఆపు."

వాడికి అదో సరదా. ఆమెని రెచ్చగొట్టడానికే కావాలని కీచుగా అందుకునేవాడు.

సాయంత్రం దాకా ఆ స్టేషన్‌లోనే కూర్చుని, ఆఖరికి బండెక్కింది హైమవతి. తరవాతి రోజులన్నీ పండగలా గడిచాయి. టాక్సీవాడితో బేరం చేసింది, కావాలని బేరం సాగదీసింది. తెలిసిన దారి నలుగురిని అడిగింది. పుల్లటి రేగుపళ్ల పచ్చడి ఎలా నూరాలో ఒక ఇల్లాలు చెబుతుంటే, అమ్మ చింతకాయ పచ్చడి చెబుతున్నట్టే ఉంది, అక్కడే కూర్చుండిపోయింది. ఇంట్లో సాయంత్రాలు దక్కని మాటలన్నీ ఇన్నేళ్లకి, ఇంత దూరంలో, ముక్కూమొహం తెలియనివాళ్ల నోటి నుంచి వడ్డీతో సహా వస్తున్నాయి.

అక్కడి నుంచి వ్యాన్‌లో ఒక కొండ ఊరికి వెళ్లింది. చుట్టూ మంచు కప్పిన శిఖరాలు. మర్నాడు పొద్దున గెస్ట్‌హౌస్ ఆవిడ టీ ఇస్తూ ఏదో అంది. అమ్మ గొంతే. కానీ గోడకి అవతల నుంచి మాట్లాడినట్టుంది. చలికి చెవులు మూసుకుపోయాయేమో అనుకుంది హైమవతి.

అప్పుడే ఏలీషా ఫోన్ చేశాడు.

"మేడం, ముందు పూస తీసెయ్యండి. తీశాక చెబుతాను."

"ఏమైంది?"

"తీశారా?"

తీసింది. "ఇప్పుడు చెప్పు."

"సుబ్బాయమ్మ టీచర్ గారు గుర్తున్నారా? మన కోసం తమిళనాడు, కేరళ తిరిగొచ్చారు కదా. ఆవిడ పూసలో వాళ్లాయన గొంతు పెట్టుకున్నారు. పొద్దున్నే ల్యాబుకొచ్చి కూర్చున్నారు మేడం. 'మా ఆయన నన్ను ఏమని పిలిచేవారో గుర్తుంది బాబూ. ఎలా పిలిచేవారో పోయింది. నా మనిషిని నాకు తిరిగిచ్చెయ్' అంటున్నారు. ఏం చెప్పను?"

హైమవతి మంచం అంచున కూర్చుంది. "మరి నీకేమీ కాలేదే. అందరికంటే ఎక్కువ వాడింది నువ్వు."

"అక్కడే బోల్తాపడ్డాం. వాడిన ప్రతిసారీ ఆ గొంతు జ్ఞాపకం కాస్త అరుగుతుంది. బతికున్న మనిషిదైతే మళ్లీ విన్నప్పుడల్లా నిండుతుంది. మా ఆవిడ నాకు రోజూ నింపుతూనే ఉంది కదా, ఇంక అరుగుడు ఎక్కడ తెలుస్తుంది?" ఏలీషా నవ్వబోయి మానేశాడు. "ఇప్పుడే లిస్టు తిరగేశాను. మనం పూస ఇచ్చినవాళ్లలో బతికున్న మనిషిని ఎంచుకున్నది నేనొక్కణ్ణే. మిగతా అందరూ పోయినవాళ్లనే ఎంచుకున్నారు. నాన్న, మామ్మ, హెడ్మాస్టారు, అందరూ..."

హైమవతికి తన ప్రశ్న గుర్తొచ్చింది. మారుమాట లేకుండా ఎవరిని నమ్ముతారు? బతికున్నవాళ్లతో మనకి ఏదో ఒక పేచీ ఉంటూనే ఉంటుంది. పోయినవాళ్లతోనే కదా పేచీలన్నీ తీరిపోయేది. ఇంకెవరిని ఎంచుకుంటారు?

"నాకు ఎంత మిగిలుంటుంది ఏలీషా?"

"తెలీదు మేడం. ఇంక వాడకపోతే ఉన్నది ఉంటుంది. దయచేసి..."

లైటు ఆరిపోయింది. బయట వాన. ఊరికి కరెంటు పోయింది, దాంతో వై-ఫై పోయింది, ఫోన్ తెగిపోయింది. ఆ లోయలో దానికి వేరే సిగ్నల్ లేదు.

హైమవతి కళ్లు మూసుకుంది. భయంభయంగా, నిండు కుండ ఎత్తినట్టు, అమ్మని పిలిచింది. వచ్చింది. గోడ అవతల నుంచే అయినా వచ్చింది. చాలు. పూసని కళ్లజోడు డబ్బాలో పెట్టి టక్కున మూసింది.

వాన తగ్గాక పెట్టె సర్దుకుని వ్యాన్ల స్టాండుకి వచ్చింది. పూస లేనిదే కాలరు బొత్తమూ పలకదు. ఇంక నోరు లేదు, చెవి లేదు. డ్రైవరు ఎర్రటి మొహంతో స్టీరింగ్ మీద వాలి ఏదో నములుతున్నాడు. హైమవతి చిటికెన వేలితో గాల్లో సున్నా చుట్టింది, తరవాత లోయ వైపు చూపించింది. డ్రైవరు పకపకా నవ్వి, తనూ ఒక సున్నా చుట్టాడు. ఆకాశం చూపించి, అరచెయ్యి కిందికి వంచాడు. కాస్త ఆగు, వాన పూర్తిగా వెలవనీ.

హైమవతి నిలబడిపోయింది. ఆ అరచెయ్యి వంపు అమ్మదే! ఇక్కడివాడికి ఎవరు నేర్పారు?

అతను ముందు సీటు దులిపి కూర్చోమన్నాడు. జేబులోంచి పచ్చి రేగుపండు తీసి ఇచ్చాడు. కొరికి, ఆ పులుపుకి ఒక కన్ను మూసింది. అతనికి నవ్వాగలేదు. ఇంతేనా, అనుకుంది హైమవతి. ఇంత తేలికైన పనికా ఇన్నేళ్లు పూసలు గుచ్చుతూ కూర్చున్నాను?

అప్పుడు వినపడింది.

"అమ్మా! వద్దండీ, సూది వద్దు! ఏం చేస్తున్నారో చెప్పండి నాకు!"

తెలుగు.

రోడ్డుకి అవతల పసుపు రంగు ఆసుపత్రి. హైమవతి పరుగెత్తింది. లోపల మంచం మీద బురదతో తడిసిన ఒక అమ్మాయి చేతికున్న సెలైన్ గొట్టం పీకెయ్యబోతోంది. నర్సు ఆ చెయ్యి పట్టుకుని లాగుతోంది. తెల్లజుట్టు డాక్టరమ్మ ఒకావిడ సిరంజి పైకెత్తి, గాలి బుడగలు తీస్తోంది.

"ఏవమ్మా, ఏమైంది?"

ఆ అమ్మాయి కళ్లు పెద్దవయ్యాయి. "ఆంటీ! తెలుగువాళ్లా? నా పేరు పూజిత, మాది తెనాలి. ఇక్కడ మెడిసిన్ ఫస్టియర్. ఫ్రెండ్స్‌తో కొండెక్కుతుంటే జారిపోయాను. ఎవరో గుర్రం మీద తెచ్చారు. మా ఫ్రెండ్స్ ఇంకా దిగలేదు. వీళ్లకి ఇంగ్లీషు రాదు, నాకు వీళ్ల భాష 'బాగున్నారా' దాకానే వచ్చు. కడుపులో చాలా నొప్పిగా ఉంది ఆంటీ."

హైమవతి డాక్టరమ్మ వైపు తిరిగి కడుపు మీద చెయ్యి పెట్టి, మొహం ముడిచి చూపించింది. తెలుసన్నట్టు డాక్టరమ్మ తలూపింది. ఆ తరవాత ఆవిడ వరసగా ఏదేదో అడిగింది. ఆగి, మళ్లీ అడిగింది. గొంతులో తొందర. ఆ ప్రశ్నలకి గాల్లో చుట్టే సున్నాలు చాలవు. సైగ వెళ్లగలిగినంత దూరం వెళ్లింది, అక్కడ ఆగిపోయింది.

పూజిత పెదవులు పాలిపోతున్నాయి.

హైమవతి చెయ్యి సంచిలోకి వెళ్లింది. కళ్లజోడు డబ్బా తగిలింది. ఇంక వాడకపోతే ఉన్నది ఉంటుంది. ఒక్క ఊపిరి పీల్చి వదిలేంతసేపు ఆ డబ్బాని గట్టిగా పట్టుకుని నిలబడింది. ఉప్పునీళ్ల గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మ గుర్తొచ్చింది. ఖాళీ అరచేతులు గుర్తొచ్చాయి.

డబ్బా తెరిచి, పూస చెవి వెనక అంటించుకుంది.

"...లోపల రక్తం కారుతోందని నా అనుమానం," అంది అమ్మ. "కింద పెద్దాసుపత్రికి తీసుకెళ్లి ఆపరేషన్ చెయ్యాలి. ఏ మందైనా పడదేమో అడుగు. ముందు ఈ యాంటీబయాటిక్ ఇవ్వాలి."

"మందులేమైనా పడవా పూజితా?"

"పెన్సిలిన్ పడదు. చిన్నప్పుడు ఊపిరాడక చావు దాకా వెళ్లొచ్చానట."

బొత్తం ఆ మాటని పలికింది. డాక్టరమ్మ చేతిలో సిరంజి ఆగిపోయింది. దాన్ని పళ్లెంలో పెట్టేసి, ఆవిడ ఒకసారి హైమవతి మొహంలోకి చూసింది. తరవాత అంబులెన్స్ కోసం కేకేసింది. హైమవతి చెయ్యి మాత్రం వదల్లేదు.

"నువ్వూ రావాలి. దారంతా ఈ పిల్ల మెలకువగా ఉండాలి, నేను అడుగుతూనే ఉంటాను. నువ్వు చెబుతూనే ఉండాలి."

దారంతా. కొండ దిగే దారి మొత్తం మలుపులే.

మొదటి మలుపుల్లో అమ్మ దగ్గరగానే ఉంది. "కళ్లు మూయనివ్వకు. వేళ్లు కదపమను." హైమవతి చెప్పేది. పూజిత కదిపేది. "వాళ్ల ఊరి గురించి అడుగు." అడిగేది. తెనాలిలో వాళ్ల వీధి, వాళ్ల నాన్న మెడికల్ షాపు, ఆయనకి కూతురు డాక్టరవ్వాలన్న పిచ్చి, అన్నీ ముక్కలు ముక్కలుగా వచ్చాయి.

"నిద్రొస్తోంది ఆంటీ."

"నిద్రపోతే ఊరుకోను. లే! నన్ను చూడు!"

"మీరు అచ్చం మా అమ్మలా తిడుతున్నారు."

వాగు వంతెన దాటేసరికి ఆ చిన్న బొంగురు పోయింది. ఆ తరవాత మాట చివరి దిగుడు పోయింది. హైమవతికి తెలుస్తూనే ఉంది. ప్లాట్‌ఫారం మీద అమ్మ చెబుతూంటే, తను ఎక్కిన బండి కదిలిపోతున్నట్టు ఉంది. ఒక్కో పెట్టె దూరం, ఒక్కో స్తంభం దూరం. డాక్టరమ్మ మాట్లాడినప్పుడల్లా బతిమాలాలనిపించింది, కాస్త తక్కువ మాట్లాడండి, పొదుపుగా వాడండి అని. కానీ ఆవిడ అడగకపోతే ఎలా? పొదుపు చేస్తే ఎవరి ప్రాణంలోంచి చెయ్యాలి?

లోయ అడుగున పెద్దాసుపత్రి. తలుపులు తెరుచుకున్నాయి, స్ట్రెచర్ లోపలికి వెళ్లిపోయింది. హైమవతి వరండాలో గోడకి ఆనుకుని నిలబడింది.

చాలాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చింది. హైమవతి రెండు భుజాలూ పట్టుకుని ఒక్క మాట అంది. బతుకుతుంది.

ఆ మాట హైమవతికి అందింది. కానీ ఎవరూ పలకలేదు. అర్థం ఒక్కటే వచ్చి, గొంతు లేకుండా, గోడ మీద రాసిన అక్షరంలా నిలబడింది.

ఆమె పూస తీసేసింది. కళ్లు మూసుకుని అమ్మని పిలిచింది. మైకు గది కనపడింది, ఉప్పునీళ్ల గ్లాసు కనపడింది, అమ్మ పెదవులు కదలడం కనపడింది. అంతే.

ఇక్కడ ఫోనుకి సిగ్నల్ ఉంది. ముందు ఏలీషాకి రాసింది. "పూసలన్నీ వెనక్కి తెప్పించు. సుబ్బాయమ్మ గారి ఇంటికి నేనొచ్చాక ఇద్దరం వెళదాం, ఆవిడ ఏమన్నా పడదాం. ఈ పూస మళ్లీ ఎప్పుడైనా చేస్తే ఆ ప్రశ్న మార్చాలి. ఎవరితో రోజూ పోట్లాడతారో అడగాలి."

తరవాత తమ్ముడికి ఫోన్ చేసింది. సామర్లకోటలో గిరిది జిరాక్స్ షాపు. వెనక మిషను గరగరలాడుతోంది.

"ఏంటక్కా, ఫారిన్ నుంచి ఫోనా? ఆయ్, చెప్పు చెప్పు."

"గిరీ, అమ్మలా ఒకసారి చెప్పరా."

"అదేంటి? ఎప్పుడూ ఆపు, ఆపు అని అరుస్తావ్ కదా."

"చెప్పరా."

గిరి గొంతులో నవ్వు వినపడింది. కావాలనే కీచుగా, ముక్కుతో, పెళ్లిళ్లలో ఆమెని ఏడిపించినట్టే అందుకున్నాడు. "ప్రయాణికులకు విజ్ఞప్తి! కాకినాడ పోర్టు వెళ్లు బండి..." అని ఆగి, తిట్ల కోసం ఎదురుచూశాడు.

హైమవతి గోడకి తల ఆనించింది. "బాగుందిరా. ఇంకొంచెం చెప్పు."

అవతల నవ్వు ఆగిపోయింది.

"అక్కా. కావాలనే తప్పు చెప్పాను. తిట్టవేం?"

ఆమె మెల్లగా అంతా చెప్పింది. పూస సంగతి, తెనాలి పిల్ల సంగతి, మలుపులు తిరిగిన దారి సంగతి. అంతా అయ్యాక మిషను ఆగింది. షట్టరు దించిన చప్పుడైంది.

"ఆ పిల్లకి బానే ఉందా?"

"ఉంది."

"అయితే విను. నన్ను ఇన్నేళ్లు ఊరికే తిట్టావనుకున్నావా? నువ్వు తిట్టిన ప్రతి తిట్టూ నాకు గుర్తుందే. అంత పైకెళ్లకురా. ముక్కుతో కాదు, గొంతులోంచి. మాట చివర వదిలెయ్యకు, మెత్తగా దించు." గిరి గొంతు సవరించుకున్నాడు. "నీలోది పోతే పోయింది. నాలో ఎంత కుక్కావో నీకే తెలీదు."

హైమవతి ఫోనుని చెవికేసి గట్టిగా నొక్కుకుంది. వరండాలో ఎవరో నర్సు వచ్చి ఏదో అడిగింది. హైమవతి అరచెయ్యి నెమ్మదిగా కిందికి వంచింది. నర్సు తలూపి, చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి," అని మొదలెట్టాడు గిరి. ఈసారి కీచు లేదు, తొందర లేదు. "కాకినాడ పోర్టు వెళ్లు బండి మరి కొద్దిసేపట్లో..."

అది సరిగ్గా ఉందో లేదో హైమవతికి తెలియలేదు. తెలుసుకునే దారి ఇంక లేదు. అయినా ఊపిరి బిగబట్టి, స్తంభం కింద నిలబడ్డ పిల్లలా తలెత్తి వింది.

గిరి మధ్యలో ఆగిపోయాడు.

"ఉండు," అన్నాడు. "ఇక్కడ నువ్వు ఒప్పుకోవు."

మళ్లీ మొదట్నుంచి అందుకున్నాడు.